గ్రునావ్ బేబీ గ్లైడర్‌ను 1:5 స్కేలులో మొదటి నుంచి కట్టుకోవడం ఎలా?

కిట్ లేకుండా, డ్రాయింగ్ ఒక్కటి ముందు పెట్టుకుని పాతకాలపు గ్లైడర్ మోడల్ కట్టాలనుకునేవాళ్ళు అడిగేవి ఎప్పుడూ మూడే ప్రశ్నలు. ఏ గ్లైడర్ ఎంచుకోవాలి? బాల్సా (మోడళ్ళకు వాడే చాలా తేలిక చెక్క) దొరక్కపోతే ఏం వాడాలి? కట్టడం అయ్యాక ముక్కులో అరకిలో సీసం ఎందుకు పడుతోంది? ఈ మూడోది అడిగేవాళ్ళు అప్పటికే ఒకటి కట్టి ఉంటారు. వాళ్ళ కష్టానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: తోక బరువెక్కింది. పాత గ్లైడర్లకు ముక్కు పొట్టి, తోక పొడుగు. కింద చెప్పే అంచెలన్నీ ఈ ఒక్క విషయాన్ని దృష్టిలో పెట్టుకునే రాసినవి.

మొదటి ప్రశ్నకు మా జవాబు గ్రునావ్ బేబీ 2బి. ఎడ్మండ్ ష్నైడర్ 1931లో తయారుచేసిన బేబీకి ఇది మెరుగులు దిద్దిన రూపం. పేరులోని గ్రునావ్ ఒక ఊరు. అప్పట్లో జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆ రోజుల్లో క్లబ్బులు డ్రాయింగ్‌లు తెప్పించుకుని సొంతంగా కట్టుకోవడానికి వీలుగా గీసిన విమానమిది. అందుకే మోడల్ కట్టేవాళ్ళకూ అనుకూలం. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) ఆరు పలకలుగా ఉంటుంది. ప్రతి పలకా ఒకే దిశలో వంగుతుంది కాబట్టి ప్లైవుడ్ ముడతపడకుండా కూర్చుంటుంది. రెక్క లోపలి భాగం ఒకే వెడల్పు, అంటే సగం రిబ్‌లు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలు) ఒకే అచ్చు. పైగా నెమ్మదిగా ఎగురుతుంది.

లెక్కలు ముందు

అసలు విమానం రెక్కల వెడల్పు (ఒక కొస నుంచి రెండో కొసకు) 13.57 మీటర్లు, పొడవు 6.09 మీటర్లు, రెక్క వైశాల్యం 14.2 చదరపు మీటర్లు, ఎగిరేటప్పుడు గరిష్ఠ బరువు 250 కిలోలు. ఐదో వంతుకు దించితే:

- రెక్కల వెడల్పు: 2714 మి.మీ.
- పొడవు: 1218 మి.మీ.
- వైశాల్యం: 25తో భాగించాలి. 56.8 చదరపు డెసిమీటర్లు
- బరువు: 125తో భాగించాలి. 2 కిలోలు

పొడవును 5తో, వైశాల్యాన్ని 25తో, బరువును 125తో భాగిస్తున్నామని గమనించండి. మోడల్ 2 కిలోల దగ్గర ఉంటే అసలు దానిలాగే తీరిగ్గా ఎగురుతుంది. 2.2 వరకు బాగుంటుంది, 2.5 దాకా పరవాలేదు. 3 కిలోలు దాటితే ఎగురుతుంది కానీ అది బేబీలా ఉండదు, దిగేటప్పుడు బాగా పరిగెడుతుంది.

కావలసినవి

- 3 మి.మీ. లైట్ ప్లై: ముందువైపు ఫార్మర్లకు (ఫ్యూజలాజ్ ఆకారం నిలిపే అడ్డ చట్రాలు)
- 0.8 మి.మీ. బిర్చ్ ప్లై: ఫ్యూజలాజ్ ముందు సగానికి
- 0.4 మి.మీ. బిర్చ్ ప్లై: ఫ్యూజలాజ్ వెనక సగానికి, రెక్క ముందంచుకు
- బాల్సా 1.5, 2, 3 మి.మీ. షీట్లు: రిబ్‌లకు, వెబ్‌లకు (రెక్క దూలాల మధ్య నిలిపే పలకలు), తోకకు
- స్ప్రూస్ బద్దలు: 10×5 మి.మీ. (స్పార్, అంటే రెక్క పొడుగునా సాగే దూలం), 4×4, 3×3 (లాంజెరాన్లు, అంటే ఫ్యూజలాజ్ పొడుగునా సాగే బద్దలు)
- 8 లేదా 10 మి.మీ. స్ప్రింగ్ స్టీల్ రాడ్ 250 మి.మీ. (రెండు రెక్కలను కలిపే జాయినర్), అది బిగుతుగా జారే ఇత్తడి గొట్టం
- 6 మి.మీ. కార్బన్ గొట్టం: స్ట్రట్‌లకు (రెక్కను కింది నుంచి ఫ్యూజలాజ్‌కు కలిపే ఊతకర్రలు)
- తెల్ల చెక్క జిగురు (తేమ తట్టుకునే రకం), సయనో (క్షణాల్లో పట్టే సూపర్ గ్లూ), 30 నిమిషాల ఎపాక్సీ
- సర్వోలు (రేడియో చెప్పినట్టు కదిలే చిన్న మోటార్లు): ఎలెరాన్లకు (రెక్క వెనక అంచులో కదిలే పలకలు) 2, బ్రేకులకు 2, ఎలివేటర్‌కు (అడ్డ తోకలో కదిలే పలక) 1, రడ్డర్‌కు (నిలువు తోకలో కదిలే పలక) 1
- 6 చానెళ్ళ రిసీవర్, 5 సెల్‌ల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ 2000 ఎంఏహెచ్
- 1500×400 మి.మీ. చదునైన బల్ల. 18 మి.మీ. ఫ్లష్ డోర్ ముక్క చాలు

బల్ల మీద దారం లాగి పట్టుకుని చూడండి. మధ్యలో 1 మి.మీ. వంపు ఉన్నా వద్దు, ఆ వంపు రెక్కలోకి వచ్చేస్తుంది.

స్ప్రూస్ దొరకకపోతే ముడులు లేని పైన్ వాడొచ్చు. మంచి ముక్కో కాదో తేల్చుకోవడానికి పక్క అంచు మీద ఒక సిరా చుక్క వేయండి. చెక్క నరం వెంటే సిరా పాకుతుంది. ఆ గీత బద్ద అంచుకు సమాంతరంగా సాగాలి. 150 మి.మీ. పొడవులో 10 మి.మీ. కంటే ఎక్కువ పక్కకు జారితే స్పార్‌కు పనికిరాదు, అక్కడే చీలుతుంది. రెక్క చివరి వంపులకు, కింద స్కిడ్‌కు (దిగేటప్పుడు నేల మీద జారే బద్ద) వెదురు బద్ద స్ప్రూస్ కంటే మేలు. కాకపోతే పైన మెరిసే పొరను గీకేయాలి, లేకపోతే జిగురు పట్టదు. ముక్కు దిమ్మెకు బాల్సా ఖర్చు ఎందుకు? నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి చెక్క తేలిక, చాకుకు వెన్నలా తెగుతుంది, సన్నగా చెక్కినా విరగదు.

1. డ్రాయింగ్ ప్రింట్

మూడు వైపుల బొమ్మను సగం రెక్క 1357 మి.మీ. వచ్చేలా పెంచి, ప్లాటర్ షాపులో రోల్ కాగితం మీద తీయించండి. ఏ0 కాగితం పొడవు 1189 మి.మీ. మాత్రమే, రెక్క పట్టదు. 'ఫిట్ టు పేజ్' తీసేయమని షాపులో మరీమరీ చెప్పండి. ఇంటికి తెచ్చాక మొదట చేయాల్సిన పని టేపుతో కొలవడం. పొడవు, అడ్డం రెండూ కొలవాలి, కొన్ని ప్లాటర్లు ఒక దిశలోనే సాగదీస్తాయి. 1357కు 1350 వచ్చిందంటే ఆ కాగితం చెత్తబుట్టలోకే.

ఆ తర్వాత డ్రాయింగ్ మీద రెండు దూరాలు కొలవండి: రెక్క ముందంచు నుంచి సగటు వెడల్పులో (ఇక్కడి నుంచి వెడల్పు అంటే ముందంచు నుంచి వెనక అంచుకు దూరం) మూడో వంతు దగ్గర ఒక గీత గీసి, అక్కడి నుంచి ముక్కులో సీసం పెట్టబోయే చోటికి ఎంత, తోక మధ్యకు ఎంత. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. బేబీకి ఇది రెండు దాటుతుంది. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో రెండు గ్రాములకు పైగా సీసం పడుతుందన్నమాట, మొత్తం మీద మూడు గ్రాముల భారం. ఈ అంకెను డ్రాయింగ్ పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

2. బరువుల పద్దు

ఇంటి ఖర్చుల పద్దు లాంటిదే. ఫ్యూజలాజ్ 550 గ్రాములు, రెండు రెక్కలు 760, తోక అంతా కలిపి 90, రేడియో సామాను 350, గుడ్డ, రంగు 150, సీసం 250. మొత్తం 2150. ప్రతి భాగం పూర్తి కాగానే వంటింటి తూకం మీద పెట్టి పక్కన రాయండి. మించిపోయిన చోట అప్పుడే తగ్గించడానికి వీలుంటుంది, గుడ్డ వేశాక ఉండదు.

3. తోకతో మొదలుపెట్టండి

చాలామంది ఫ్యూజలాజ్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే త్వరగా ఆకారం కనిపిస్తుంది. తోకతో మొదలుపెట్టడం మంచిది. చిన్న పని, చెయ్యి కుదురుతుంది, పాడైతే నష్టం తక్కువ.

తోకకు బాల్సా ఏరి తీసుకోండి. 3 మి.మీ. మందం, 100×1000 మి.మీ. షీటు 30 గ్రాముల లోపు తూగితే తోకకు, 45 దాటితే వేరే పనులకు. అడ్డ తోక 55 గ్రాములు, నిలువు తోక, రడ్డర్ కలిపి 35 గ్రాములు లక్ష్యం. వంపు అంచులను 1 మి.మీ. బాల్సా లేదా వెదురు పొరలు నాలుగు నీళ్ళలో నానబెట్టి, అట్టముక్క అచ్చు చుట్టూ వంచి అంటించి చేయండి. అచ్చు అంచుకు ముందే మైనం రుద్దండి. రాత్రంతా వదిలేయాలి. రెండు గంటలకే తీస్తే వంపు తెరుచుకుంటుంది.

సర్వోలను తోకలో పెట్టొద్దు. తీగ, రాడ్ ఇబ్బంది తప్పుతుందని పెట్టేవాళ్ళున్నారు. 12 గ్రాముల సర్వో తోకలో ఉంటే ముక్కులో కనీసం 25 గ్రాములు అదనం. రడ్డర్‌కు అసలు విమానంలో లాగే రెండు తీగలు, ఎలివేటర్‌కు ఒక కార్బన్ రాడ్ వేయండి.

4. రిబ్‌లు

అసలు విమానంలో గోటింగెన్ 535 ప్రొఫైల్ (రెక్క అడ్డకోత ఆకారం) వాడారు: మందం బాగా ఎక్కువ, పైకి వంపు ఎక్కువ. ఈ స్కేలులోనూ అదే వాడొచ్చు, వేగం కోరుకోకపోతే మార్చాల్సిన పనిలేదు. చివరి రిబ్ సౌష్ఠవంగా ఉంటుంది, మధ్యలో ఒకదాంట్లోంచి మరొకటి మారుతూ పోతుంది.

లోపలి భాగానికి ఒకే అచ్చు చాలు. 1.5 మి.మీ. ప్లైతో రెండు అచ్చులు కోసి, వాటి మధ్య 2 మి.మీ. బాల్సా ముక్కలు పేర్చి, రెండు బోల్టులతో బిగించి, ఎమరీ పేపరుతో ఒకేసారి రుద్దండి. బయటి భాగానికి ఈ పద్ధతి సరిగా కుదరదు. రెండు వేరువేరు సైజుల అచ్చుల మధ్య రుద్దితే అంచులు ఏటవాలుగా వచ్చి, ప్రతి రిబ్బూ కొంచెం తప్పుతుంది. ఒక్కో రిబ్‌ను విడిగా ప్రింట్ తీసి కోయడమే నయం.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే ఉంది: పైన వచ్చే ప్లై మందాన్ని రిబ్ నుంచి తీసేయడం మర్చిపోతారు. ముందంచుకు 0.4 ప్లై వేస్తుంటే రిబ్ చుట్టూ 0.4 మి.మీ. తక్కువగా కోయాలి. స్పార్ వెనక కూడా ప్రతి రిబ్ మీద 5 మి.మీ. వెడల్పు 0.4 ప్లై పట్టీ వేస్తే మొత్తం ఒకే మట్టానికి వస్తుంది. 1.5 బాల్సా వేస్తుంటే అన్నిచోట్లా 1.5 తీసేయండి.

రిబ్‌ల సంఖ్య అసలు విమానంలో ఎన్నో అన్నే ఉంచండి. ఎండలో గుడ్డ గుండా రిబ్‌ల నీడ కనిపించడమే ఈ గ్లైడర్ అందం.

5. రెక్క

స్పార్ పైన ఒకటి, కింద ఒకటి. మొదట్లో 10×5, చివరికి 5×3 వచ్చేలా చిత్రికతో తగ్గించండి. మధ్యలో 1.5 బాల్సా వెబ్‌లు, నరం నిలువుగా. అడ్డంగా పెడితే వెబ్ ఉన్నా లేనట్టే. మొదటి మూడు గదులకు వెబ్ 1 మి.మీ. ప్లై. జాయినర్ ఇత్తడి గొట్టాన్ని గరుకు చేసి, స్పార్‌ల మధ్య ఎపాక్సీతో కూర్చి, దారం చుట్టి బిగించండి.

స్ట్రట్ నిజంగా బరువు మోస్తుందా, అలంకారమా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. మోస్తే 8 మి.మీ. జాయినర్ చాలు. అలంకారమే అయితే 10 మి.మీ. తప్పనిసరి. మోసేలా చేయమని మా సలహా, అసలు విమానమూ అలాగే నిలబడుతుంది. స్ట్రట్ తగులుకునే చోట స్పార్‌ల మధ్య గట్టి దిమ్మె, 1 మి.మీ. ఉక్కు చెవి, రెండు ఎం3 బోల్టులు.

బేబీకి ఒక్కో వైపు ఒకే స్ట్రట్ ఉంటుంది. అంటే రెక్క మెలిపడకుండా ఆపేది స్ట్రట్ కాదు, ముందంచు ప్లై గొట్టం. ఆ గొట్టం మూసేటప్పుడు రెక్క ఏ మెలికలో ఉంటే జీవితాంతం ఆ మెలికలోనే ఉంటుంది. కాబట్టి ఈ పని నెమ్మదిగా చేయండి.

రెక్క చివర వెనక అంచు ముందంచు కంటే పైకి ఉండాలి. దీన్నే వాషౌట్ అంటారు. 3 డిగ్రీలు పెట్టండి. రెక్క సన్నబడడం మొదలైన చోట సున్నా, చివర 3. ఎంత ఎత్తాలో లెక్క సులువు: అక్కడి వెడల్పును 0.052తో గుణించండి. వెడల్పు 120 మి.మీ. అయితే 6 మి.మీ. చివర 6 మి.మీ. అట్టముక్క, మధ్యలో 3 మి.మీ., ఇలా వెనక అంచు కింద పేర్చుకుంటూ రండి. రెక్కను గుండుసూదులతో, పైన ఇటుకలతో కదలకుండా పట్టించి, అప్పుడు ప్లై వేయండి.

0.4 ప్లైను తడి జిగురుతో అంటిస్తే అలలు అలలుగా లేస్తుంది. అలా కాకుండా, రిబ్‌ల మీద, స్పార్ మీద, ప్లై లోపలివైపు తెల్ల జిగురు పలుచగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. అద్దంలా పారదర్శకం అయ్యాక ప్లైను చోటులో పెట్టి, ఇస్త్రీ పెట్టెను కాటన్ వేడిలో ఒక్కో రిబ్ మీద పది సెకన్లు ఆనించండి. జిగురు కరిగి పట్టేస్తుంది. వెంటనే చల్లటి తడిగుడ్డ కాదు, పొడి చెక్కముక్క అదిమి పట్టండి. స్పార్ నుంచి ముందంచు వైపు వెళ్ళాలి, అటు నుంచి ఇటు వస్తే చివర్లో ఉబ్బు మిగులుతుంది. ముందంచు వంపు దగ్గర ప్లై బయటివైపు వేడినీళ్ళు తుడిస్తే విరగకుండా వంగుతుంది.

ఎడమ రెక్క అయ్యాక కుడి రెక్క. డ్రాయింగ్ కాగితానికి వెనకవైపు నూనె రాస్తే గీతలు ఇటు కనిపిస్తాయి, కుడిదానికి అదే వాడొచ్చు. రెండు ఎడమ రెక్కలు కట్టినవాళ్ళు లోకంలో తక్కువేం లేరు.

సరి చూసుకోవడం: 300 మి.మీ. తిన్నని బద్దకు ఫోన్ కట్టి, కోణం చూపే యాప్ పెట్టి రెండు రెక్కల మీద ఒకే రిబ్ దగ్గర కొలవండి. ఎడమ, కుడి తేడా అర డిగ్రీ లోపు ఉండాలి. ఎక్కువుంటే ఇస్త్రీ వేడి మళ్ళీ తగిలించి, మెలిపెట్టి పట్టుకుని చల్లారనిస్తే ఒక డిగ్రీ దాకా సరిచేయొచ్చు. ఆరనిచ్చిన తెల్ల జిగురుతో ఉన్న ఇంకో లాభం ఇదే, సయనోతో అంటిస్తే ఈ అవకాశం ఉండదు.

ఎలెరాన్ సర్వోలు రెక్కలోనే. బ్రేకులు షెంప్-హిర్త్ రకం, నిటారుగా పైకి లేచే పలకలు. చేసుకోలేకపోతే మోడల్ షాపుల్లో తయారుగా దొరికేవి పెట్టండి. మానేయొద్దు, చిన్న మైదానంలో ఇలాంటి గ్లైడర్ నేలకు దగ్గరకొచ్చాక దిగనని మొరాయిస్తుంది.

6. ఫ్యూజలాజ్

ఆరు పలకల ఆకారానికి ఆరు లాంజెరాన్లు. బల్ల మీద మధ్యగీత గీసి, ఫార్మర్లను తలకిందులుగా నిలబెట్టి, ఒక్కోదాన్నీ మూలమట్టంతో సరిచూసి అంటించండి. కాక్‌పిట్ వరకు 3 మి.మీ. లైట్ ప్లై ఫార్మర్లు. రెక్క వెనక నుంచి 2 మి.మీ. బాల్సా, మధ్యలో ఖాళీ చేసి. లాంజెరాన్లు ముందు 4×4, వెనక 3×3.

ప్లై కోసే ముందు ప్రతి పలకకూ డ్రాయింగ్ షీటుతో నమూనా కోసి పెట్టి చూడండి. షీటు ముడతపడితే ప్లై కూడా పడుతుంది. ముక్కలు కలిసే చోట అంచుకు అంచు ఆనించి అతకొద్దు. 0.8 ప్లైకు రెండు అంచులనూ 8 నుంచి 10 మి.మీ. ఏటవాలుగా రుద్ది ఒకదాని మీద ఒకటి అంటించండి. ప్లై అంచును బల్ల అంచుకు సమానంగా పెట్టి దిమ్మెకు చుట్టిన ఎమరీ పేపరుతో రుద్దుతుంటే పొరలు గీతలుగా బయటపడతాయి. ఆ గీతలు తిన్నగా, సమాన దూరంలో ఉంటే ఏటవాలు సరిగ్గా వచ్చినట్టు.

పలకలు వేసే వరస ముఖ్యం. కుడివైపు ఒకటి వేస్తే వెంటనే ఎడమవైపు అదే పలక. ఒక పక్కంతా పూర్తిచేసి రెండో పక్కకు వెళితే, జిగురు ఆరేసరికి ఫ్యూజలాజ్ అరటిపండులా వంగి కూర్చుంటుంది. బల్ల మీదికి మళ్ళీ తెచ్చినా తిరిగి రాదు.

స్కిడ్‌ను వెదురు పొరలతో చేసి, కింద చిన్న రబ్బరు ముక్కలు పెట్టి బిగించండి. స్ట్రట్ కింది చివర తగులుకునే ఫార్మర్‌కు రెండువైపులా అదనపు 3 మి.మీ. ప్లై.

7. కోణాలు

రెక్క, తోక బిగించి ఫ్యూజలాజ్‌ను బల్ల మీద నిలబెట్టండి. మూడు కొలతలు చాలు. ఒక్కో రెక్క చివర నుంచి తోక చివరికి దారం దూరం సమానంగా ఉండాలి, 3 మి.మీ. తేడా దాటకూడదు. వెనక నుంచి చూస్తే అడ్డ తోక రెక్కలకు సమాంతరంగా కనిపించాలి. రెక్కకు, అడ్డ తోకకు మధ్య కోణం 2.5 నుంచి 3 డిగ్రీలు. అడ్డ తోక కింద 0.5 మి.మీ. ప్లై ముక్క పెట్టగలిగేలా బోల్టుతో బిగించండి, తర్వాత మార్చుకోవాల్సి వస్తుంది.

స్ట్రట్‌లకు ఒక చివర మరతో తిరిగే కొక్కెం పెట్టండి. రెక్క బిగించి ఉన్నప్పుడు స్ట్రట్ బలవంతం లేకుండా తగులుకోవాలి. పిన్ను దూర్చడానికి రెక్కను కిందికో పైకో లాగాల్సి వస్తే, రెక్క వంగిపోయి ఎగురుతుంది.

8. గుడ్డ

ఇస్త్రీతో అతికే పాలిస్టర్ గుడ్డ తేలిక మార్గం. దొరక్కపోతే పలుచని పాలిస్టర్ లైనింగ్ గుడ్డ, డోప్ (గుడ్డకు పట్టించే లక్క లాంటి పూత). రిబ్ కింది గీత లోపలికి వంగి ఉన్న చోట గుడ్డను మొదట ఆ వంపులో ప్రతి రిబ్‌కూ అంటించాలి. వేడి ఆ తర్వాతే. వరస తప్పితే బిగిసిన గుడ్డ ఆ వంపును వదిలేసి తిన్నగా నిలబడుతుంది.

పాత గుడ్డ మీగడ రంగు కోసం టీ డికాక్షన్‌లో ముంచడం చాలామంది చెబుతారు. నూలుకు, పట్టుకు రంగు పడుతుంది, పాలిస్టర్‌కు పట్టదు. పాలిస్టర్ అయితే డోప్‌లోనే చుక్క పసుపు, చుక్క గోధుమ రంగు కలపండి. ప్లై భాగాలకు పారదర్శక వార్నిష్ చాలు.

వానాకాలంలో, తీరప్రాంతాల్లో ఉక్కపోత రోజుల్లో డోప్ వేయొద్దు. గాలిలో తేమకు పూత బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. తెల్లబడితే, పొడి రోజు చూసి పలుచగా థిన్నర్ తుడిస్తే పోతుంది. డోప్, థిన్నర్ రెండూ ఇట్టే అంటుకుంటాయి, వంటింటి పక్కన ఆ పని వద్దు, కిటికీలు తెరిచి ఉంచండి.

గుడ్డ వేశాక మెలికను ఫోన్‌తో మళ్ళీ కొలవండి. ఈ రెండో కొలత ఎవరూ వేయరు, రెక్క ముక్కలైనవాళ్ళలో ఎక్కువమంది అక్కడే దెబ్బతింటారు.

9. తూకం, కదలికలు

బ్యాటరీ ముక్కులో ఎంత ముందుకు పోతే అంత ముందుకు. సీజీ (బరువు కేంద్రం) సగటు వెడల్పులో 30 శాతం దగ్గర ఉంచి మొదలుపెట్టండి. బేబీ సగటు వెడల్పు 209 మి.మీ., కాబట్టి లోపలి రెక్క ముందంచు నుంచి 63 మి.మీ. వెనక. కొన్ని రోజులు ఎగిరాక 2 మి.మీ. చొప్పున వెనక్కి తీసుకెళ్ళొచ్చు. సీసానికి చేపల వలకు కట్టే గుళ్ళు సులువు. ఎపాక్సీలో కలిపి పోయకండి, ముందు సంచిలో కట్టి పెట్టండి, తూకం ఖాయమయ్యాక అంటించండి.

ఎలెరాన్ పైకి 20 మి.మీ., కిందికి 8. సమానంగా పెడితే మలుపు తిప్పినప్పుడు ముక్కు మలుపు వైపు కాకుండా దానికి ఎదురు వైపు తిరుగుతుంది. ఎలివేటర్ పైకి కిందికి 12. రడ్డర్ ఎంత తిరిగితే అంత, 35 డిగ్రీల దాకా. పాత గ్లైడర్లను తిప్పేది రడ్డర్, ఎలెరాన్ సాయం మాత్రమే.

10. మొదటి ఎగురుడు

మొదట పొడుగు గడ్డి ఉన్న చోట, గాలికి ఎదురుగా, చేత్తో తిన్నగా తోయండి. పైకి విసరడం కాదు, ముక్కు కాస్త కిందికి. 15, 20 మీటర్లు నిదానంగా జారాలి.

తర్వాత రబ్బరు తాడు. 15 మీటర్ల లేటెక్స్ గొట్టం, 60 మీటర్ల నైలాన్ తాడు చాలు. లాగుడు మోడల్ బరువుకు మూడు, నాలుగు రెట్లు, అంటే 7 నుంచి 8 కిలోలు, స్ప్రింగ్ త్రాసుతో చూడండి. కొక్కెం సీజీకి 15 నుంచి 20 మి.మీ. ముందు. మేకు లాగే దిశకు వ్యతిరేకంగా వాల్చి కొట్టండి. గొట్టంలో చిన్న గాటు కనిపించినా పారేయండి. సాగిన రబ్బరు వరసలో మనుషులు నిలబడొద్దు.

ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో రంగులతో చూపే మన ప్రభుత్వ మ్యాప్) ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి.

ఎత్తు వచ్చాక 30 డిగ్రీల వాలులో దింపి ఎలివేటర్ వదిలేయండి. నెమ్మదిగా ముక్కెత్తి తిన్నబడితే సరిగా ఉంది. గబుక్కున పైకి లేస్తే ముక్కు బరువు ఎక్కువ, లేదా కోణం ఎక్కువ. ముక్కులో 10 గ్రాములు తీసి మళ్ళీ చూడండి. అప్పటికీ లేస్తే అడ్డ తోక ముందంచు కింద 0.5 ప్లై పెట్టండి. వాలు ఇంకా పెరుగుతూ పోతే తోక బరువు, వెంటనే ఎత్తి దించేసి సీసం పెంచండి.

ఏమైతే ఏం చూడాలి

వేగం తగ్గగానే ఎప్పుడూ ఒకే రెక్క వాలిపోతుంటే, ఆ రెక్కలో వాషౌట్ తక్కువ. ఒకసారి ఇటు ఒకసారి అటు వాలితే తోక బరువు.

రబ్బరు తాడు మీద పాములా అటూ ఇటూ ఊగితే కొక్కెం మరీ వెనక ఉంది, 5 మి.మీ. ముందుకు జరపండి. ఎక్కకుండా నేల వెంటే పోతుంటే వెనక్కి.

మలుపు మొదట్లో ముక్కు ఎదురు వైపు తిరుగుతుంటే రడ్డర్ చాలట్లేదు, ట్రాన్స్‌మిటర్‌లో ఎలెరాన్‌కు 30 నుంచి 40 శాతం రడ్డర్ కలపండి.

ఎండాకాలంలో కారులో మధ్యాహ్నమంతా ఉంచాక రెక్క గుడ్డ వదులైతే ఇస్త్రీతో బిగించొచ్చు, కానీ ప్రతిసారీ ఫోన్ కట్టిన బద్దతో మెలిక చూసుకోవాలి. తడి నెలల్లో రెక్కలను గోడకు ఆనించి నిలబెట్టకండి. చివర కింద అదే 6 మి.మీ. అట్టముక్క పెట్టి, బల్ల మీద పడుకోబెట్టి, పైన తేలిక బరువులు ఉంచండి.